పోటు లేని నీళ్ళు

మా రాజోలు శాఖా గ్రంథాలయంలో ఒక పాత అట్లాసు ఉంది. దాని అట్ట ఊడిపోతే నేనే కాన్వాసు గుడ్డ వేసి కుట్టి ఇచ్చాను. సెంటర్లో నాకు టైలరింగ్ షాపు. షాపు కట్టేశాక ఆ లైబ్రరీ బల్ల దగ్గర కాసేపు కూర్చోవడం పెళ్ళికి ముందు నుంచీ అలవాటు. బడిలో నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ బల్ల దగ్గర సంపాదించుకున్నదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఆఫ్రికా పేజీలో కుడివైపున, కొలతల టేపు ముక్క జారి పడ్డట్టు నిలువుగా ఒక నీలం చార ఉంటుంది. అదే మలావీ సరస్సు. ఏళ్ళ తరబడి దాన్ని వేలితో తడిమాను గాని, అందులో చెయ్యి ముంచుతానని ఎన్నడూ అనుకోలేదు.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది నా భార్య సత్యవతి. ఆమెది కాట్రేనికోన దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు, చేపల వేట మీద బతికే కుటుంబం. తొంభయ్యారు తుఫానులో మా మావయ్యగారు బోటుతో సహా వెళ్ళిపోయారు. మనిషి దొరకలేదు. ఒక్కగానొక్క కొడుకు నూకరాజు, "నాన్నని కళ్ళతో చూడకుండా నీళ్ళొదలను" అని మొండికేసి, కర్మ చెయ్యకుండానే మస్కట్‌లో పడవల మీద పనికి పోయాడు. తర్వాత ఒక సేటు ద్వారా మలావీ సరస్సులో ఓ దీవి మీదున్న లాడ్జీలో పడవ ఇంజన్ల మెకానిక్కుగా కుదిరాడు. పదేళ్ళయినా ఇంటికి రాలేదు. సత్యవతి సంగతి వేరు. తండ్రి పోయాక ఆమె పడవ మీద కాలు పెట్టలేదు. మా వైపు ఇది మామూలు ఇబ్బంది కాదు. నర్సాపురంలో పెళ్ళి ఉంటే ఊరంతా సఖినేటిపల్లి రేవులో పంటు అనే బల్లకట్టు పడవెక్కి క్షణాల్లో గోదారి దాటేది, మేమిద్దరం చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి భోజనాలయ్యే వేళకు చేరేవాళ్ళం.

ఆ ఏడు నూకరాజు ఫోను చేశాడు. రద్దీ లేని రోజుల్లో పనివాళ్ళ బంధువులు ఒక వారం ఉచితంగా ఉండొచ్చని లాడ్జీవాళ్ళు అన్నారట. విమానం టిక్కెట్లు తను కొంటాడట. సత్యవతి ఒప్పుకోదనుకున్నాను. ఆమె రిసీవరు పెట్టేసి, "వెళ్దామండి," అంది. "వాడి చేత నాన్నకి నీళ్ళొదిలించాలి. ఫోన్లో అడిగితే పెట్టేస్తాడు. ఎదురుగా కూచుని అడగాలి."

"దీవి అంటే పడవెక్కాలి మరి."

"అది అక్కడికెళ్ళేక చూద్దామండి," అంది. నల్ల నువ్వులు, దర్భలు, పసుపు, కాస్త బియ్యప్పిండి మూట కట్టింది. నేను వాటికి లాగుతాడు ఉన్న చిన్న సంచీ కుట్టిచ్చాను.

వెళ్ళదలచుకున్నవారికి ఒక మాట: ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరానికి సూది ముందుగా వేయించుకోవాలి, ఆ పసుపు కార్డు లేకపోతే దారిలో ఆపేస్తారు. దాని కోసమే మేం ఒకసారి హైదరాబాదు వెళ్ళొచ్చాం. వీసా కాగితాలు లాడ్జీవాళ్ళు పంపారు.

సెప్టెంబరు మొదట్లో మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి రాజోల్లో బయల్దేరి, వంతెన మీదుగా పాలకొల్లు చేరి, సాయంత్రం హైదరాబాదు రైలెక్కాం. ఎదురు సీట్లో భీమవరం దిగే ఒక పెద్దావిడ, ఒళ్ళో అరటిపళ్ళ బుట్ట.

"ఎందాకా అండీ?"

"ఆఫ్రికా అండి," అన్నాను.

"అది బెజవాడ దాటేకా అండీ?"

"ఆయ్, కొంచెం దాటేకండి," అంది సత్యవతి నవ్వకుండా. ఆవిడ తల ఊపి, అంత దూరం వెళ్ళేవాళ్ళకు ఆకలేస్తుందని నాలుగు అరటిపళ్ళు మా చేతిలో పెట్టి దిగిపోయింది.

హైదరాబాదు నుంచి బొంబాయికి ఇంకో రైలు, బొంబాయి నుంచి నైరోబీకి విమానం. మాకిద్దరికీ అదే మొదటి విమానం. సత్యవతి కిటికీ సీటు నాకిచ్చేసింది. ప్రయాణం సగమయ్యాక, తల తిప్పకుండానే అడిగింది: "కింద ఏవుందండీ?"

"మబ్బులు," అన్నాను. మబ్బులే ఉన్నాయి. వాటి సందుల్లో అక్కడక్కడా సముద్రం కనిపిస్తోంది గాని, ఆమె అడిగినదానికి అంతవరకే జవాబు చెప్పాను.

నైరోబీలో విమానం మారి మర్నాడు మధ్యాహ్నానికి లిలాంగ్వే చేరాం. అక్కడ సామాను తనిఖీ చేసే ఆయన నేను కుట్టిన సంచీ విప్పి, నువ్వులు వేళ్ళతో కదిపి, ఇదేమిటన్నాడు. లైబ్రరీ ఇంగ్లీషు పనికొచ్చే వేళ వచ్చింది. తండ్రి, చనిపోయారు, నీళ్ళు, కొడుకు, అని నాకు తోచిన వరసలో చెప్పాను. ఆయన నా ముఖం కాసేపు చూసి, తాడు జాగ్రత్తగా బిగించి ఇచ్చేశాడు. నూకరాజు కోసం పెట్టెలో పెట్టుకున్న కొబ్బరికాయలు మాత్రం ఉంచేసుకున్నాడు. మన తోట కాయలని మురిసిపోయి మోసుకెళ్ళవద్దు, గుమ్మం దాటవు.

బయట నూకరాజు నిలబడి ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అక్కని చూసి నవ్వబోయి, వంగి మా పెట్టె అందుకున్నాడు.

"చిక్కిపోయేవే అక్కా."

"నువ్వు లావయ్యేవు కదా, లెక్క సరిపోయింది," అంది సత్యవతి. పదేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు అంతే.

మర్నాడు ఉదయం ఏడింటికి బస్సు. ఎర్రమట్టి, ఎండిన మొక్కజొన్న చేలు, వేళ్ళు ఆకాశంలోకి వచ్చేలా తలకిందులుగా పాతినట్టుండే లావుపాటి బావోబాబ్ చెట్లు. పక్క సీటామె కోడిని ఒళ్ళో పెట్టుకుని, నూకరాజుతో వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమందని అడిగాను. "నాకు ఎవరూ లేరనుకుందంటండి ఇన్నాళ్ళూ. ఎప్పుడూ ఒక్కణ్ణే ఈ బస్సులో తిరుగుతాను కదా," అన్నాడు. మధ్యాహ్నానికి మంకీ బే అనే రేవు ఊరు. అక్కడి నుంచి పికప్ వ్యానులో బస్తాల మీద కూర్చుని, మూడింటికి సరస్సు ఒడ్డున ఒక పల్లెలో దిగాం.

సరస్సు అనే మాట ఎన్నిసార్లు చదివినా నా మనసులో కొల్లేరే మెదిలేది. ఇక్కడ అవతలి ఒడ్డు లేదు. నీలం రంగు నీటి అంచుకి వెళ్ళి ఆకాశంలో కలిసిపోయింది. దూరాన దీవి, నీటి మీద ఆరేసిన బూడిదరంగు గుడ్డలా ఉంది. లాడ్జీ పడవ ఒడ్డుకి ఆనించి ఉంది. సత్యవతి దాన్ని చూసి, ఇసకలో కూర్చుండిపోయింది.

నూకరాజు బలవంతపెట్టలేదు. నన్నూ మాట్లాడనివ్వలేదు. "ఉండనివ్వండి బావగారూ," అని ఇంజను మూత తీసి ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఒడ్డంతా వెదురు మంచెలు, వాటి మీద వెండి పరిచినట్టు చిన్న చిన్న చేపలు ఎండుతున్నాయి. ఆడవాళ్ళు వాటిని తిరగేస్తున్నారు. గాలి అటునుంచి తిరిగింది. సత్యవతి తల ఎత్తింది. లేచి మంచె దగ్గరికి వెళ్ళి, ఒక చేపని వాసన చూసి, "నెత్తళ్ళే," అంది, మా సముద్రంలో దొరికే ఆ చిన్న చేపలు ఇక్కడిదాకా ఎలా వచ్చాయో అర్థం కానట్టు. ఆ తర్వాత ఆమె చేతులు వాటంతటవే ఆ చేపల్ని తిరగేయడం మొదలుపెట్టాయి. పక్కామె ఏదో అంటూ జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒక మంచె చివరిదాకా వెళ్ళారు.

అక్కడి నుంచి ఆమె నీటి అంచున నడిచింది. కళ్ళు ఇసక మీదే. దేని కోసమో వెతుకుతోందని మాత్రం తెలిసింది.

"పోటెప్పుడ్రా ఇక్కడ?" అంది తమ్ముడితో. "గీత కనపడదేం? నీరు ఎక్కడిదాకా వస్తాదో?"

"పోటూ లేదు, పాటూ లేదే అక్కా. పున్నమైనా అమాసైనా నీరిక్కడే. వానాకాలం కొంచెం పెరుగుద్ది, అంతే. గాలేస్తే కెరటం మాత్రం గట్టిదే. ఇయ్యాల గాలి లేదు."

సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్ళు నీరు పైకి వచ్చే వేళని బట్టే బతుకుతారు. పైకి రాని ఇంత పెద్ద నీటిని సత్యవతి మొదటిసారి చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు చేత పట్టుకుని పడవ దగ్గరికి నడిచింది. దీవి చేరేవరకు కళ్ళు తెరవలేదు, నా చొక్కా జేబు వదల్లేదు. దిగేటప్పటికి జేబు ఆమె చేతిలో ఉంది. నేను కుట్టిన కుట్టు విడిపోవడం అదే మొదలు.

దీవి రాళ్ళగుట్ట. దాని మీద తొమ్మిదో పదో గుడిసెలు, వెదురు తడికలు, గడ్డి కప్పు. కరెంటు లేదు. సాయంత్రం గుడ్డి లాంతరు ఇస్తారు. స్నానానికి చెట్టుకి వేలాడదీసిన బకెట్టు, కింద చిల్లుల మూత. మరుగుదొడ్డిలో నీళ్ళు లేవు, బూడిద పోయాలి. సబ్బు నీళ్ళు సరస్సులోకి పోకూడదు. మేనేజరు హెలెన్ అనే ఆవిడ, ఎండకి కమిలిన ముఖం, మెత్తని గొంతు. అన్నీ చూపించి చివర్న చెప్పిన నియమం ఒకటే: ఈ సరస్సులో ఏదీ వెయ్యకూడదు, పువ్వు కూడా.

సత్యవతి గుడిసె లోపల చుట్టూ చూసింది. "ఏరా, ఇందుకేనా తెల్లోళ్ళు అంతంత డబ్బెట్టి వస్తారు? తుఫానుకి ముందు మనిల్లు ఇదే కదరా."

"ఆయ్. మనం డాబా కట్టుకోవడానికి పరిగెడతాం, వాళ్ళు దీనికోసం పరిగెడతారు. మధ్యలో నా జీతం," అన్నాడు నూకరాజు.

ఆ తర్వాతి రోజులు నాకు వరసగా గుర్తులేవు. వాచీ పెట్టెలో పెట్టేశాను. పొద్దున్నే తెల్లతల గద్దలు పిలుచుకునే అరుపు, గుడిసెలోకి తడిక సందుల్లోంచి పాకే నీటి వెలుగు, మోకాళ్ళ లోతు నీటిలో నా పాదాల చుట్టూ తిరిగే చేపలు. నీలం, పసుపు, నారింజ, ఊదా. దారపు కండెల పెట్టె నీళ్ళలో తెరిచినట్టే ఉండేది. లోకంలో ఇంకెక్కడా లేని చేపలని చదివాను. ఒక ఉదయం నీటి మీద దూరంగా నల్లటి పొగ స్తంభాలు నిలువుగా లేచి, నెమ్మదిగా నడిచి వెళ్ళాయి. ఓడ తగలబడిందేమోనని హైరానాపడ్డాను. "పొగ కాదండి బావగారూ, దోమలు. నీళ్ళలోంచి పుట్టి లేస్తాయి. కుట్టవు," అన్నాడు నూకరాజు. ఈ సంగతి నేను చదివిందే, సమయానికి గుర్తు రాలేదు. సంధ్యవేళ వేటపడవలు దీపాలు వెలిగించుకుని బయల్దేరేవి. కాసేపటికి సరస్సు మీద ఒక ఊరు వెలిసినట్టుండేది, వీధులు కదిలిపోయే ఊరు. మేం ముగ్గురం రాతి మీద కూర్చుని చూస్తుండేవాళ్ళం. ఇంటి నుంచి తెచ్చిన చింతపండుతో సత్యవతి ఒకరోజు చేపల పులుసు పెడితే, హెలెన్ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకుంది.

సత్యవతి ఒక్క సంగతి గమనించింది. రోజూ తెల్లవారి మొదటి పడవ తీసేముందు నూకరాజు వంగి, నీళ్ళు తాకి, కళ్ళకద్దుకుంటున్నాడు. కాట్రేనికోన వైపు వేటకెళ్ళే ప్రతివాళ్ళూ చేసే పనే. మావయ్యగారూ అలాగే చేసేవారట.

వెళ్ళిపోయే రోజుకు రెండు రోజుల ముందు, ఒడ్డున బోర్లించిన పడవకి నూకరాజు తారు పూస్తుంటే ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీటి మీద కోపం లేదన్నమాట నీకు. దణ్ణం పెడుతున్నావు."

"నీటి మీద కోపమేంటే."

"మరి నాన్న మీదా? పదేళ్ళయింది. ఆయనకి గుక్కెడు నీళ్ళిచ్చినవాడు లేడు. నేనియ్యకూడదన్నారు. ఇచ్చేవాడివి నువ్వు ఇక్కడ కూచున్నావు."

నూకరాజు తారు కుంచె పక్కన పెట్టాడు. "వదిల్తే అయిపోద్ది కదే అక్కా. వదలకపోతే, ఎక్కడో ఉన్నాడులే అని ఉంటాది." చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఇప్పుడొదలాలన్నా ఎక్కడొదలను? ఆయన మన సముద్రంలో ఉన్నాడు. ఇది చూడు, పోటు లేని నీరు. ఎటూ పోదు. ఇక్కడొదిలింది ఇక్కడే ఉండిపోద్ది. ఆయనకెలా అందుద్ది?"

సత్యవతి నావైపు చూసింది, నేను పుస్తకాలు చదివేవాణ్ణని గుర్తొచ్చినట్టు.

"పోతుంది," అన్నాను. "ఈ నీరు పోతుంది."

చొక్కాకి జేబు లేదు గాని, లాగు జేబులో సుద్దముక్క ఉంది. పెళ్ళి బట్టల సీజన్లో పని ఇంటికి తెచ్చుకున్నప్పటి అలవాటు, ఎక్కడికెళ్ళినా ఉంటుంది. ఇంకా తారు పడని చెక్క మీద, మా లైబ్రరీ అట్లాసు పేజీ గుర్తున్నంతవరకు గీశాను. ఇది సరస్సు. దీని దక్షిణపు కొస నుంచి షిరే అనే నది బయటికి వస్తుంది. అది వెళ్ళి జాంబెజీలో కలుస్తుంది. జాంబెజీ తూర్పుకి పోయి హిందూ మహాసముద్రంలో పడుతుంది. ఇంత ఖాళీ వదిలి, ఇటు మన దేశం. ఇది బంగాళాఖాతం. ఇది గోదారి. ఇక్కడ చుక్క పెట్టాను, ఇది కాట్రేనికోన. సుద్ద ఎత్తకుండా సరస్సు నుంచి ఆ చుక్కదాకా ఒకే గీత గీశాను. "మధ్యలో ఎక్కడా నేల లేదు నూకరాజూ. అంతా నీరే."

అతను ఆ గీత మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా తీసుకెళ్ళాడు. నేను ముప్పై ఏళ్ళు ఆ పేజీ మీద వేలు పెట్టి తిప్పింది ఒక మనిషికి పనికొస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. "రేపు పొద్దున్న పడవ తీసేముందు," అన్నాడు. కుంచె తీసుకుని, ఆ బొమ్మ వదిలేసి మిగతా చెక్కకి తారు పూశాడు.

మర్నాడు తూరుపు తెలుపెక్కుతుండగా ముగ్గురం నీటి దగ్గరికి వెళ్ళాం. సత్యవతి సంచీ విప్పబోయింది. నూకరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వులూ పిండీ వద్దే అక్కా. వచ్చేవాళ్ళందరికీ ఏదీ వెయ్యొద్దని చెప్పేది నేనే. నేనే ఎలా వేస్తాను?"

ఆమె ముఖం చిన్నబోయింది. అంత దూరం మోసుకొచ్చింది. సంచీ నోరు మూసి తాడు బిగించి, నీటివైపు చూసింది.

"నీళ్ళొదలొచ్చా?"

"నీళ్ళు సరస్సువే కదే."

"అయితే నీళ్ళే ఒదులు. ఆయన నీళ్ళ మనిషి. అర్థం చేసుకుంటాడు."

నూకరాజు మొలలోతుకి దిగాడు. దోసిలి పట్టి, నావైపు తిరిగి అడిగాడు: "ఏ దిక్కండి బావగారూ?"

"దక్షిణం," అన్నాను. పెద్దలకి నీళ్ళొదిలేది అటే. ఆ సరస్సు నీరు బయటికి వెళ్ళేదీ అటే. ఈ రెండూ కలుస్తాయని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తండ్రి పేరు పైకే చెప్పి మూడుసార్లు దోసిలి వదిలాడు. మూడోసారి నీరు కారిపోయాక కూడా చేతులు అలాగే పట్టుకుని ఉన్నాడు. సత్యవతి చీర తడుస్తున్నా చూసుకోకుండా దిగి వెళ్ళి, ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. వాళ్ళ చుట్టూ ఆ రంగు రంగుల చేపలు ఏమీ జరగనట్టు తిరుగుతున్నాయి.

తిరుగు పడవలో ఆమె కళ్ళు తెరుచుకునే కూర్చుంది. ఒడ్డున నూకరాజు వ్యాను కదిలేదాకా నిలబడ్డాడు. "వచ్చే ఏడు తద్దినం వేళకి వస్తానే. మన ఒడ్డున పెడతాను," అన్నాడు. వస్తాడో రాడో అప్పటికి తెలియదు. తద్దినం అన్న మాట ఆ నోట వచ్చింది, అదే చాలనిపించింది సత్యవతికి.

లిలాంగ్వే, నైరోబీ, బొంబాయి, హైదరాబాదు. దారి అదే, కాని విమానంలో ఈసారి కిటికీ సీటు ఆమె తీసుకుంది. అక్కడికి వెళ్ళాలనుకునేవారు గాలి తక్కువగా ఉండే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్ళాలి. దోమతెర, టోపీ తీసుకెళ్ళాలి. వాచీ అక్కర్లేదు. చూడవలసినవి ఇవీ అని చెప్పడానికి అక్కడ గుడీ లేదు, కోటా లేదు. ఉన్నది నీరు ఒకటే. నాకు మాత్రం ఆ వారం ఎవరో చదివి వినిపించిన కథలా ఉండిపోయింది. గొంతు గుర్తుంది, మాటలు కొన్ని జారిపోయాయి.

హైదరాబాదు నుంచి రైలెక్కి, పొద్దున్న ఏడు గంటలప్పుడు పాలకొల్లు వస్తుంటే నేను పెట్టె దించబోయాను. సత్యవతి వద్దంది.

"నర్సాపురం దాకా వెళ్దామండి. రేవులో పంటెక్కి సఖినేటిపల్లి దిగిపోదాం. చుట్టూ ఎందుకు?"

పంటు మీద మోటారు సైకిళ్ళు, పాలక్యాన్లు, బడికెళ్ళే టీచర్లు. సత్యవతి కమ్మీ పక్కన నిలబడి నీటిని చూసింది. నీరు సముద్రం వైపు నుంచి పైకి ఎదురొస్తోంది.

"పోటు మీదుందండి," అంది. నడుముకి కట్టుకున్న సంచీ తీసి తాడు వదులు చేసింది. "ఇక్కడ వద్దనేవాళ్ళు లేరు కదా." నువ్వులు, దర్భలు, పిండి, పసుపు గోదాట్లో కలిపేసింది. సంచీ దులిపి, మడిచి నాకిచ్చింది. తర్వాత అడిగింది: "వాడొదిలిన నీళ్ళు ఈపాటికి ఎందాకా వచ్చుంటాయంటారు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. అంత పెద్ద సరస్సులోంచి నీరు బయటపడడానికే ఎన్నో తరాలు పడుతుందని చదివాను. అదే చెప్పాను. మన జీవితకాలంలో రావని కూడా చెప్పాను.

ఆమె వంగి, కమ్మీ కింద నుంచి చెయ్యి జాపి, పోటు నీటిని తాకి కళ్ళకద్దుకుంది.

"ఫర్లేదండి," అంది. "బయల్దేరేయి కదా."